కడుపులో నిలవని నీళ్లు

త్లాంగ్ నది పొంగి పంపుల ఇంటిని ముంచేసిన ఏడు అది. మా వైపు పెళ్లిళ్లూ చావులూ ఇప్పటికీ ఆ వరదకి ముందా, తర్వాతా అనే చెప్పుకుంటారు. కింద లోయలో ఎటు చూసినా నీళ్లే. పైన కొండ మీద ఐజాల్‌లో కుళాయి తిప్పితే గాలి వచ్చేది. నది నీళ్లని పైకి తోసే యంత్రాలు బురదలో కూరుకుపోయాక ఇంకెక్కడి నీళ్లు. పట్నం జనం డబ్బాలు పట్టుకుని మళ్లీ కొండ ఊటల దగ్గర వరుసల్లో నిలబడ్డారు, వాళ్ల తాతలు నిలబడ్డట్టే.

ఆ ఏడే థాంగ్‌లూరాకి కడుపులో నొప్పి బయటపడింది. నొప్పి అంతకుముందే ఉండి ఉంటుంది. ఆయన చెప్పలేదు. చెప్పే మనిషి కాదు. నది ఒడ్డున ఉన్న వరిమడి మీద ఇసుక మేట వేసింది. తీద్దామని పార పట్టుకుని దిగినవాడు, నాలుగు పారలు ఎత్తిపోసి అక్కడే కూలబడ్డాడు. అప్పుడు చూసింది కూతురు సాంగ్‌పుయీ. ప్యాంటు జారిపోకుండా నడుముకి తాడు కట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు చిక్కిపోయాడో ఇంట్లో ఎవరికీ తెలీదు.

"అన్నం ఎందుకు వదిలేస్తున్నావ్ నాయనా?"

"వదల్లేదు."

"కుక్కకి పెడుతున్నావ్. నేను చూశాను."

"దానికీ ఆకలుంటుంది."

ఇంక ఆమె మాట పెంచలేదు. మొగుణ్ణి ఇంట్లో బురద ఎత్తిపోయడానికి వదిలేసి, తండ్రిని సుమో ఎక్కించి ఐజాల్ తీసుకొచ్చింది. ఆసుపత్రిలో నోట్లోంచి గొట్టం దింపి చూశారు. కడుపు అడుగుభాగంలో ఒకచోట పుండు కనపడిందన్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ పరీక్షలో వచ్చింది మంచి మాట కాదు. మా కొండల్లో ఆ జబ్బు కొత్తదీ కాదు.

డాక్టర్ ఎస్తేరీ ఏదీ దాచే మనిషి కాదు. "ఒక్కచోటే ఉంటే అంతవరకూ కోసేసి మిగతాది కుట్టేస్తాం కపూ. పంది మాంసం మానేసి, కొంచెం కొంచెం తింటూ చాలాకాలం ఉండొచ్చు. గోడంతా పాకిందంటే మాత్రం కోసి లాభం లేదు, అనవసరంగా మిమ్మల్ని బాధపెట్టడమే. ఏదన్నది స్కానింగ్‌లో తెలుస్తుంది" అంది. కపూ అంటే మా మిజోలో పెద్దాయనా అని.

"సరే" అన్నాడు థాంగ్‌లూరా.

స్కానింగ్ రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. స్కానింగ్ గది ఆసుపత్రిలో అడుగు అంతస్తులో ఉంది. దాని ముందు నడవలో బల్ల. బల్ల మీద థాంగ్‌లూరా, పక్కన ఇంకో ముసలాయన, ఎదురుగా గోడకి ఆనుకుని సాంగ్‌పుయీ. ఆ ముసలాయన పేరు జాఖూమా. చంఫాయ్ దాటి ఎక్కడో సరిహద్దు ఊరి నుంచి వచ్చాడు. ఆయనకీ కడుపే, ఆయనకీ అదే స్కానింగ్. దారిలో కొండచరియలు విరిగిపడితే బండి దిగి, బురదలో నడిచి, అవతల ఇంకో బండి ఎక్కి వచ్చాడట. మనిషి తడిసిన పిట్టలా ఉన్నాడు.

ఇద్దరూ పరగడుపున ఉన్నారు. ఇద్దరి జేబుల్లోనూ తుయ్‌బూర్ సీసాలున్నాయి, తీయడానికి వీల్లేదు. పొగాకు పొగ పట్టించిన ఆ నీళ్లని గుక్కెడు నోట్లో పోసుకుని, మింగకుండా పుక్కిట పట్టి, కాసేపాగి ఉమ్మేయడం థాంగ్‌లూరాకి పడుచుతనం నుంచీ అలవాటు. పెళ్లాం ఉన్నన్నాళ్లు ఆమే చేసిచ్చేది. ఆమె పోయాక కొంటున్నాడు. నోట్లో ఆ నీళ్లుంటే మాట్లాడే పని ఉండదు. అదీ ఆయనకి నచ్చేది.

స్కానింగ్ తీసే రెమా బయటికొచ్చాడు. రాత్రంతా కొండచరియల కింద పడ్డవాళ్లకి స్కానింగ్‌లు తీస్తూనే ఉన్నాడట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. సాంగ్‌పుయీ చేతిలో రెండు సీసాలు చూశాడు.

"ఊట నీళ్లేనా అక్కా? కాచారా?"

"కాచాను."

"మంచిది. మా కూజాలో అడుగంటాయి. ఒక సీసా ఇప్పట్నుంచి మెల్లగా తాగించండి. రెండోది నేను పిలిచే ముందు గబగబా తాగాలి. అంతా తాగాలి."

జాఖూమా కలగజేసుకున్నాడు. "అబ్బాయ్, పోయినేడు నాకు ఇంకోచోట సున్నం కలిపినట్టు తెల్లటి మందు తాగించారు. ఇప్పుడు ఉత్త నీళ్లేంటి? వరదొచ్చి మీ మందులు కూడా కొట్టుకుపోయాయా?"

"ఆ తెల్లమందు ఫోటోలో తెల్లగా పడుతుంది కపూ. చేతి నరంలో మేం ఎక్కించే మందుకి కడుపు గోడ కూడా తెల్లగా మెరుస్తుంది. తెల్లగోడకి తెల్లసున్నం కొట్టాక పగులెక్కడుందో ఏం తెలుస్తుంది? నీళ్లయితే నల్లగా పడతాయి. గోడ విడిగా తేలుతుంది."

"మరయితే ఖాళీగా ఉంచితే పోయేదిగా. ఈ కరువులో నీళ్లెందుకు?"

"ఖాళీ కడుపు ఖాళీ గోనెసంచి లాంటిది. ముడతలు ముడతలుగా పడి ఉంటుంది. బాగున్న గోడ కూడా దళసరిగా కనిపిస్తుంది. లోపల నీళ్లుంటేనే అది నిలబడేది." రెమా కళ్లు నులుముకున్నాడు. "ఒకటి గుర్తుంచుకోండి. నీళ్లు కడుపులో ఆగవు. తాగిన వెంటనే లోపలికి రావాలి. తాగి కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే జారిపోతాయి."

"కబుర్లు ఎక్కడివి" అన్నాడు జాఖూమా, పక్కాయన్ని చూపిస్తూ. "ఈయన పొద్దుట్నుంచీ ఒక్క మాటాడితే ఒట్టు."

థాంగ్‌లూరా మొదటి సీసా తాగాడు. నిండినట్టు కాదు, బరువుగా రాయి పెట్టుకున్నట్టు ఉంది లోపల. సాంగ్‌పుయీ ఖాళీ సీసా తీసుకుని, నరానికి ఎక్కించే మందు బయట కొట్లో కొనుక్కురమ్మన్నారని వెళ్లింది. మెట్లెక్కుతుంటే ఆమె అడుగులు తడబడ్డాయి. ఊట దగ్గర వరుసలో రాత్రంతా నిలబడి వచ్చింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. "కపూ థాంగ్‌లూరా! నీళ్లు తాగి రండి!"

థాంగ్‌లూరా రెండో సీసా అందుకున్నాడు. మూత తిప్పబోతూ పక్కకి చూశాడు. జాఖూమా చేతులు వణుకుతున్నాయి. ఆయన దగ్గర సీసా లేదు. నీళ్లకి వెళ్లిన మేనల్లుడు ఇంకా రాలేదు.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. పడవ ఎక్కేటప్పుడైనా, విందులో మాంసం పంచేటప్పుడైనా, తాను వెనక నిలబడి ఎదుటివాణ్ణి ముందుకు పంపాలి. పంపినట్టు తర్వాత నోరెత్తకూడదు. చెప్పుకున్నాడంటే చేసింది చెయ్యనట్టే. థాంగ్‌లూరా ఆ పద్ధతిలో పుట్టి అందులోనే ముసలివాడయ్యాడు.

"నువ్వెళ్లు" అన్నాడు.

"అదేంటి, పిలిచింది నిన్ను."

"దూరం నుంచి వచ్చావ్."

"నాకంటే పెద్దవాడివి అన్నా. నేను నీ ముందు నడవడమేంటి, మా ఊళ్లో తెలిస్తే నవ్వుతారు."

"చలికి వణుకుతున్నావ్."

"నువ్వేమన్నా చెమటలు కక్కుతున్నావా? వెళ్లు వెళ్లు."

రెమా గుమ్మంలో తల ఆనించి నిలబడ్డాడు. "ఇద్దరు మిజో ముసలాళ్లని ఒక తలుపు ముందు కూర్చోబెట్టడమంత తప్పు ఇంకోటి లేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు రండయ్యా, మీకు దండం పెడతాను!"

అప్పుడే స్ట్రెచర్ వచ్చింది. చరియ కింద పడ్డ ఆడమనిషి, జుట్టు నిండా ఎర్రమన్ను. ముసలాళ్లిద్దరూ ఒకేసారి లేచి గోడకి అంటుకుని దారిచ్చారు. అక్కడ వాదన లేదు. తలుపు మూసుకుంది.

చాలాసేపు తెరుచుకోలేదు. వాన చప్పుడు వింటూ కూర్చున్నారు. థాంగ్‌లూరా కడుపులో రాయి కరిగి కిందికి జారడం ఆయనకి తెలుస్తూనే ఉంది. ఒకసారి లేచి దొడ్డివైపు వెళ్లొచ్చాడు. తిరిగొచ్చేసరికి లోపల అసలేమీ లేనట్టుంది. రెండో సీసా మాత్రం బల్ల మీద అలాగే ఉంది.

స్ట్రెచర్ బయటికెళ్లాక మళ్లీ పిలుపొచ్చింది. థాంగ్‌లూరా సీసా మూత తీసి జాఖూమా చేతిలో పెట్టాడు.

"తాగు. వెళ్లు."

"మరి నీకు?"

"నేను తాగాను."

అది అబద్ధం కాదు. పొద్దున తాగాడు. జాఖూమా ఆయన మొహం చూసి, ఇంకోసారి కాదంటే ఈ పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడనుకున్నాడు కాబోలు, గటగటా తాగేసి లోపలికెళ్లాడు.

ఆయన బయటికొచ్చాక రెమా అడిగాడు. "కపూ, మీరు తాగారా?"

థాంగ్‌లూరా ఖాళీ సీసా పైకెత్తి చూపించాడు.

"అంతానా?"

"ఖాళీయే."

యంత్రం బల్ల మీదికి ఎక్కాక తాగించే చివరి గ్లాసు కోసం రెమా కూజా వంచాడు. చుక్క రాలేదు. మనిషి అలిసిపోయి ఉన్నాడు, పెద్దాయన మాట నమ్మాడు. సరే పడుకోండి అన్నాడు. కూతురు తెచ్చిన మందు నరంలోకి వెచ్చగా పాకింది. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాడు, వదలమంటే వదిలాడు.

బయటికొచ్చి కూర్చోగానే తుయ్‌బూర్ సీసా తీశాడు. గుక్క పోసుకుని పుక్కిట పట్టి కళ్లు మూసుకున్నాడు. పొద్దుట్నుంచీ ఆయనకి దొరికిన సుఖం అదొక్కటే.

మధ్యాహ్నం డాక్టర్ ఎస్తేరీ పిలిచింది. ఆయన అప్పుడే రెండో గుక్క పోసుకున్నాడు. ఉమ్మేయడానికి చోటు కనపడక అలాగే కూతురి వెంట లోపలికెళ్లాడు.

డాక్టర్ ఫోటోల వంక చూస్తూనే మాట్లాడింది. "నాకు కొంచెం వింతగా ఉంది. గొట్టంతో చూసినప్పుడు ఒక్కచోటే కనపడింది. ఇందులో చూస్తే గోడ మొత్తం, పైనుంచి కిందిదాకా దళసరిగా ఉంది. ఇదే నిజమైతే..." ఆగింది. "నీళ్లు తాగారు కదా కపూ?"

థాంగ్‌లూరా నోటి నిండా నీళ్లు. తల ఊపాడు.

ఊపిన తర్వాత ఆయనకి గోనెసంచి గుర్తొచ్చింది. పుక్కిట ఉన్నది మింగేయబోయి ఆగాడు. చెప్పాలి. చెబితే ఏం చెప్పాలి? నా నీళ్లు వేరే ఆయనకిచ్చానని చెప్పాలి. చెప్పుకోవడమా? పైగా ఆ నీళ్లు తాగినాయన ఇదే నడవలో ఎక్కడో కూర్చుని ఉన్నాడు. విన్నాడంటే ఆ మనిషి తల ఎక్కడ పెట్టుకుంటాడు?

డాక్టర్ ఈసారి సాంగ్‌పుయీ వైపు తిరిగింది. "పెద్ద డాక్టర్‌కి కూడా చూపిస్తాను. కానీ ఆశ పెట్టుకోకమ్మా. ఇలా ఉంటే కోయరు. ఇంటికి తీసుకెళ్లి ఆయనకి ఏది ఇష్టమైతే అది పెట్టండి."

సాంగ్‌పుయీ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. "రేపు పొద్దున సుమోలో సీటు దొరుకుతుందేమో చూస్తాను" అంది.

రోగుల వెంట వచ్చినవాళ్లు ఉండటానికి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు ఒకటుంది. పొద్దు వాలే వేళకి ఆమె అక్కడ సామాను సర్దుతోంది. గిన్నె, దుప్పటి, పొగబెట్టిన మాంసం మూట. నీళ్ల డబ్బా మోసే బుట్టకున్న పట్టీని చుడుతోంది. ఆ పట్టీని నుదుటికి తగిలించుకుని, బుట్ట వీపు మీద వేసుకుని ఊట నుంచి ఆసుపత్రిదాకా నిటారు మెట్లెక్కుతుంది రోజూ. థాంగ్‌లూరా గోడకి ఆనుకుని ఆమెనే చూస్తున్నాడు. నుదుటి మీద పట్టీ ఒరిసిన చోట చర్మం ఎర్రగా కమిలి ఉంది. వాళ్లమ్మకీ అలాగే ఉండేది. మెడ ఒకవైపుకి తిప్పలేకపోతోంది, సామాను కోసం ఒళ్లంతా తిప్పుతోంది.

"సర్దకు" అన్నాడు.

"పొద్దున సర్దితే బండి దాటిపోతుంది నాయనా."

"నేను నీళ్లు తాగలేదు."

ఆమె చెయ్యి ఆగింది. "ఏ నీళ్లు?"

"రెండో సీసా. మొదటిది జారిపోయింది. రెండోది తాగలేదు. లోపల ఖాళీగా ఉన్నప్పుడు తీశారు."

"మరి సీసా ఖాళీగా ఉంది కదా!"



సాంగ్‌పుయీ కాసేపు తండ్రి మొహంలోకి చూసింది. తర్వాత తెలిసిపోయింది. ఆమె కూడా ఆ పద్ధతిలో పెరిగిన పిల్లే.

"ఇచ్చేశావు" అంది. "ఎవడికో ఇచ్చేశావు. అవి ఎవరి నీళ్లు నాయనా? నువ్వు మోశావా? రాత్రంతా వానలో నిలబడి నేను పట్టాను. నా వీపు మీద మోసి, నా చేత్తో కాచాను. దానం చేసేవాడివి నీ సొంతది ఏదన్నా చేసుకో! నా మెడ విరగ్గొట్టి తెచ్చినదాన్ని నువ్వు చేతులూపుకుంటూ పంచిపెడతావా?"

థాంగ్‌లూరా ఎప్పుడూ అలా ఆలోచించలేదు. విందుల్లో తను వదిలేసిన మాంసం ముక్కలన్నీ ఎవరు వండారో, పడవలో చోటు వదిలేసి తను ఆలస్యమైతే ఇంట్లో ఎవరు దీపం పెట్టుకుని ఎదురు చూశారో.

"పైగా డాక్టరమ్మ అడిగితే తలూపావు!"

"నోట్లో తుయ్‌బూర్ ఉంది."

"అవును మరి. కడుపులో ఉండాల్సిన నీళ్లు ఊళ్లోవాళ్లకి, ఉమ్మాల్సిన నీళ్లు నీ నోట్లో. లే. లేస్తావా లేదా?"

డాక్టర్ ఎస్తేరీ గొడుగు విప్పుతూ ఆసుపత్రి మెట్లు దిగుతోంది. సాంగ్‌పుయీ తండ్రి చెయ్యి పట్టుకుని అడ్డం వెళ్లింది. తండ్రిని ముందుకి తోసి నిలబడింది.



"నీళ్లు తాగలేదు" అన్నాడు. "మళ్లీ తీయండి."

ఒకరి దగ్గర ఏదైనా కావాలని అడగడం ఆయనకి అదే మొదలు.

"మధ్యాహ్నం తలూపారు?"

"నోట్లో తుయ్‌బూర్ ఉందమ్మా ఈయనకి" అంది సాంగ్‌పుయీ. "అది నోట్లో ఉన్నప్పుడు దేవుడొచ్చి, పోదాం పదా అని పిలిచినా తలే ఊపుతాడు."

డాక్టర్ నవ్వలేదు. నవ్వే ఓపిక ఆమెకీ లేదు. "ఖాళీ కడుపా..." అని తనలో తను అనుకుంది. "నాకు తట్టాల్సింది. ఒక్కచోటే అని గొట్టంలో చూసింది నేనే కదా." తర్వాత థాంగ్‌లూరా వైపు చూసింది. "ఎవరికిచ్చారు?"

ఆయన గొడుగు అంచు నుంచి కారే నీళ్లని చూస్తూ ఉండిపోయాడు. ఆమె కూడా ఈ కొండల పిల్లే. మళ్లీ అడగలేదు.

"రేపు పొద్దున్నే మొదటి స్కానింగ్ మీదే. రెమాకి చెబుతాను. అది చూశాకే కోసే సంగతి. నీళ్లు మాత్రం మీరే తెచ్చుకోవాలి కపూ. మా దగ్గర లేవు."

తెల్లారకముందే ఆయనకి మెలకువ వచ్చింది. సాంగ్‌పుయీ కదలకుండా నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. థాంగ్‌లూరా ఆమెని లేపలేదు. సీసాలు రెండూ సంచిలో వేసుకుని, గోడలు పట్టుకుంటూ మెట్లు దిగాడు. మధ్యలో కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

ఊట దగ్గర అప్పటికే వరుస మలుపుదాకా ఉంది. ఆయన వెళ్లి చివర నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూసిన ఒకామె, "కపూ, మీరు ముందుకి వెళ్లి పట్టుకోండి" అంది. ఆమె ముందున్నాయన కూడా జరిగాడు. మాట అలా వరుసంతా పాకి పైదాకా వెళ్లింది. అక్కడ ఊట దగ్గర వంతు వచ్చి వంగినాయన లేచి చూశాడు. జాఖూమా. మేనల్లుడి మీద నమ్మకం పోయి తనే వచ్చినట్టున్నాడు.

"అన్నా! నా చోట్లోకి రా. నువ్వు పట్టుకో ముందు."

బతుకంతా ఇలాంటప్పుడు థాంగ్‌లూరా అనే మాట ఒకటే. పర్లేదు, మీరు కానివ్వండి. ఆ మాట అప్పటికే నాలుక మీదికి వచ్చేసింది.

ఆయన ముందుకి నడిచాడు. అందరినీ దాటుకుంటూ వెళ్లి, జాఖూమా వదిలిన చోట వంగి, ఊట కింద సీసా పెట్టాడు. ఇంకో రెండుసార్లు బతిమాలాల్సి వస్తుందనుకున్నాడు కాబోలు, జాఖూమా చెప్పబోయే మాట నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు. థాంగ్‌లూరా రెండు సీసాలూ నింపుకున్నాడు. జాఖూమాకి ఏమీ చెప్పలేదు. తల మాత్రం వంచి వచ్చేశాడు.

షెడ్డు దగ్గర సాంగ్‌పుయీ ఆయన్ని వెతుక్కుంటూ చెప్పులు లేకుండా ఎదురొచ్చింది.

"చెప్పకుండా ఎక్కడికెళ్లావ్? నేనేమనుకోవాలి?"

ఆయన సంచి ఇచ్చాడు. ఆమె సీసాలు చూసి, ఇంకా పూర్తిగా తెల్లారని ఆకాశం వంక చూసింది.

"ఇంత తొందరగా ఎలా దొరికాయి?"

"ముందు నిలబడ్డాను."

ఆమె నీళ్లు కాచి చల్లార్చింది. మొదటి సీసా నడవలో కూర్చుని తాగాడు. రెమా తలుపు తీసి పిలిస్తే రెండోది గుమ్మంలోనే నిలబడి తాగాడు. మధ్యలో డోకు వచ్చింది. ఆపుకుని తాగాడు. పక్కన బల్ల మీద ఎవరున్నారో చూడలేదు. చివరి గ్లాసు లోపల యంత్రం బల్ల మీద కూర్చుని తాగాడు. ఆఖరి గుక్క అలవాటు చొప్పున పుక్కిట పట్టబోయాడు. మింగేశాడు. వెల్లకిలా పడుకుని, చెయ్యి చాపి, కళ్లు మూసుకున్నాడు.